కుడికాలి ఫోటో

ఆఫీసులో అందరూ ఆమెను కాదమ్మ అనేవారు. ఎదుట కాదు, వెనకాల. ఏ ప్రోగ్రామరు ఏ పని పూర్తిచేసి తెచ్చినా ఆమె నోట ముందుగా వచ్చే మాట "కాదు". ఆమె ఉద్యోగమే అది. ఇంకొకరు తయారుచేసిన వెబ్‌సైటును నొక్కి చూసి, గిల్లి చూసి, తిక్కతిక్కగా వాడి చూసి, ఎక్కడ చెడుతుందో పట్టుకోవాలి. పద్నాలుగేళ్ళు ఆ పని చేశాక ఆమె లోకం గురించి ఒక నిర్ణయానికి వచ్చేసింది. మనుషుల్లో మూడు వంతులు మొద్దులు, మిగిలిన వంతు బద్ధకస్తులు. తను ఏ వంతులో ఉందన్న ప్రశ్న ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

అందులోనూ ఫోటోలు పంపేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. వాళ్ళ కంపెనీ ఒక పెద్దాసుపత్రికి సైటు తయారుచేసింది. గాయాలు మానని రోగులు బస్సులెక్కి వచ్చి వరసల్లో నిలబడకుండా, ఇంట్లోనే గాయాన్ని ఫోటో తీసి సైటులో పెడితే, డాక్టరు చూసి జవాబు రాస్తారు. ఇంతకన్నా సులువైన పని ఉంటుందా? అంత సులువేమీ కాదని రోగులు నిరూపించారు. గాయం ఫోటో పెట్టమంటే ఒకాయన తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, తన ముఖం పెట్టాడు. ఒకావిడ కెమెరాకి వేలు అడ్డం పెట్టి, తన వేలి ఫోటోలే పన్నెండు పంపింది. ఇంకొకాయన మోకాలికి బదులు మందుల చీటీ పెట్టి, ఇంకా నొప్పి తగ్గలేదని కింద రాశాడు. ఇవన్నీ ఆమె మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర వర్ణించి చెబుతుంటే అందరూ పడీపడీ నవ్వేవారు.

అలాంటి మనిషి తన సొంత మేనమామను ఆ సైటులో చేర్చింది. నచ్చి కాదు, తప్పక.

మామయ్య దర్జీ. వీధి వైపు గదిలో కుట్టుమిషను, దాని వెనక ఆయన, నలభై ఏళ్ళుగా ఆ ఇంటికి అదే ముఖచిత్రం. వెక్కిరింపు ఆ వంశంలో తరతరాల ఆస్తి కాబోలు, ఆయన నోరూ తక్కువదేం కాదు. వీధిలో పోయేవాళ్ళ చొక్కా భుజాలు చూసి, ఎవడు కుట్టాడో, ఎంత తాగి కుట్టాడో చెప్పేవాడు. రెడీమేడ్ బట్టలను పారేయడానికే కుట్టినవి అనేవాడు. మోటారు మిషను పెట్టించుకోమని సలహా ఇచ్చినవాళ్ళను కొట్టులోంచి బయటికి పంపేవాడు. గుడ్డ ఎప్పుడు ఆగాలంటుందో కాలికి తెలుస్తుంది గానీ మోటారుకేం తెలుస్తుందన్నది ఆయన వాదన.

ఆ కాలికే ముప్పు వచ్చింది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది. పెడలు అంచు రోజూ ఒరుసుకుని కుడికాలి బొటనవేలి కింద పుండు పడితే, ఆయనకు తెలియనే లేదు. అత్తయ్య నేల మీద మరకలు చూసి కనిపెట్టింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ గాయం కడిగి, కట్టు కట్టి, దాపరికం లేకుండా చెప్పింది. "రెండు నెలలు చూద్దాం. మానితే అదృష్టం. నలుపు పైకి పాకిందా, పాదం ముందు సగం తీసేయాల్సి వస్తుంది. అప్పటిదాకా ఆ కాలు నేల మీద మోపొద్దు, మిషను ముట్టుకోవద్దు."

ఇంటికి వచ్చాక మామయ్య మేనకోడలితో ఒక్కటే మాటన్నాడు. "కాలు పోతే మిషను పోయినట్టే. మిషను పోయాక ఈ గదిలో కూర్చుని నేనేం చేయాలే? వచ్చేపోయేవాళ్ళకి మంచినీళ్ళివ్వాలా?"

నవ్వుతూనే అన్నాడు, కానీ చేతులు మాత్రం ఖాళీ ఒడిలో గుడ్డను సర్దుతున్నట్టు కదిలాయి. ఆమెకు భయం వేసింది. తండ్రి లేని పిల్లను ఆ మిషను తొక్కే చదివించాడు ఆయన. ఆసుపత్రికి వారానికి రెండుసార్లు గంటసేపు బస్సులో పోయి, ఆ కాలితో మెట్లెక్కే కన్నా సైటులో చేరడమే మేలని ఆమే పట్టుబట్టింది. తన పాత ఫోను ఇచ్చింది. ఎక్కడ నొక్కాలో అత్తయ్యకు నేర్పింది, నేర్పుతున్నంతసేపూ విసుక్కుంది కూడా. ఆసుపత్రి వాళ్ళ నియమాలు కూడా చదివి వినిపించింది. కుడికాలి వాళ్ళు సోమ, గురువారాల్లో ఫోటో పెట్టాలి. గాయం స్పష్టంగా కనిపించడానికి పాదం కింద తెల్లగుడ్డ పరచాలి.

"తెల్లగుడ్డేగా," అన్నాడు మామయ్య. మర్నాడే కూర్చున్నచోటే చేత్తో ఒక చదరపు గుడ్డకు నాలుగు పక్కలా అంచు కుట్టుకున్నాడు. పుండు కింద వేసుకునే గుడ్డకు అంత ముస్తాబు ఎందుకని అత్తయ్య అడిగితే, నీకు తెలీదులే అన్నాడు.

సోమ, గురువారాల్లో పొద్దున ఏడింటికల్లా, కిటికీలోంచి మంచి వెలుతురు పడే వేళ, అత్తయ్య ఫోటో తీసి పంపేది. "అందింది" అని సైటు చెప్పేది. పదకొండు దాటాక జవాబు వచ్చేది. మొదటి వారం "అలాగే ఉంది, మందు కొనసాగించండి" అని రాశారు. రెండో వారంలో "కొంచెం తగ్గింది" అన్నారు. మూడో వారంలో "బాగా మానుతోంది" అని వచ్చింది. మామయ్య ఆ జవాబును వీధిలో అందరికీ చదివి వినిపించి, ఆ సైటు తన మేనకోడలి చేతి పనేనని గొప్పగా చెప్పుకున్నాడు.

అత్తయ్య మాత్రం ఒక సాయంత్రం ఫోను చేసింది. "నువ్వేమీ అనుకోకపోతే ఒక మాట చెప్తాను. నాకెందుకో నలుపు పెరిగినట్టే ఉందే. కట్టు విప్పితే వాసన కూడా వస్తోంది."

"డాక్టరమ్మ చూసి రాసిందా లేదా అత్తయ్యా?"

"రాసింది, బాగానే ఉందని."

"మరి ఆవిడ కన్నా నీకు ఎక్కువ తెలుసా? ముందు నీ కళ్ళజోడు మార్పించుకో."

అత్తయ్య నొచ్చుకుందో లేదో ఫోనులో తెలియలేదు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాలుగో వారం జవాబులో "మెల్లగా పని మొదలుపెట్టవచ్చు" అని వచ్చింది. మామయ్య అదే రోజు మిషను మీది దుప్పటి తీసి, నూనె పోసి, తొక్కడం మొదలుపెట్టాడు.

ఆ సైటును తయారుచేసిన మహానుభావుడి గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఆఫీసులో అతన్ని మేధావి అనేవారు. వెక్కిరించి కాదు, నిజంగానే అలా అనుకునేవారు. మెడలో హెడ్‌ఫోన్సు, బల్ల మీద మూడు స్క్రీన్లు, ముఖం మీద మనందరి మీదా జాలి. ఏ పనైనా అతను ఒక పూటలో ముగించేవాడు, ఆ పూట మిగిల్చిన కంపు ఇతరులు ఒక నెల కడిగేవారు. మేనేజరుకు మాత్రం అతను ముగించే వేగం ఒకటే కనపడేది. మేనేజరు ఎలాంటివాడంటే, ఇల్లు కాలుతోందని చెబితే ఎంత శాతం కాలిందని అడిగే రకం.

మేధావి దగ్గర ఒక పిల్లి ఉంది. బూడిదరంగు పిల్లి, సోఫా మీద వెల్లకిలా పడుకుని ఉండే ఫోటో. ఫోటోలు పెట్టే పేజీ ఏది తయారుచేసినా అతను ఆ పిల్లినే పెట్టి చూసేవాడు. అతన్ని చూసి అందరూ అదే చేసేవారు. కొత్తగా చేరినవాళ్ళకు కుర్చీ, కంప్యూటరుతో పాటు ఆ పిల్లి ఫోటో కూడా అందేది. పేజీలో పిల్లి కనపడితే పని అయినట్టు. కాదమ్మ కంప్యూటరులోనూ ఆ పిల్లి ఉండేది. ఇంకో ఫోటో వెతుక్కోవడం ఎందుకన్న బద్ధకం తప్ప, దానికి వేరే కారణం లేదు.

ఆ నాలుగో వారం చివర, ఆదివారం మధ్యాహ్నం, ఆమె కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి మామయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన మిషను తొక్కుతున్నాడు. కాలికి కట్టు, కట్టు మీద మేజోడు, మేజోడు మీద చెప్పు. గదిలో అగరొత్తులు వెలిగించి ఉన్నాయి. ఎప్పుడూ లేనిది ఇదేమిటని అడగబోయి, వాటి కింద నుంచి వచ్చే ఇంకో వాసన తగిలి ఆగిపోయింది. అత్తయ్య ముఖం అటు తిప్పుకుంది.

"కట్టు రోజూ మారుస్తున్నారా?" అంది మేనకోడలు.

"మారుస్తున్నాం. నీ సైటు బాగానే ఉందంటోందిగా," అంది అత్తయ్య. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అలా నమ్మడం నేర్చుకుంది.

"అసలు ఎంత మానిందో నాక్కూడా చూపించవే," అన్నాడు మామయ్య మిషను ఆపి. "అరికాలు వంగి చూసుకుందామంటే నడుము ఒప్పుకోదు. మొదటి ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టు."

పాత ఫోటోలు చూసే బొత్తాం ఒకటి సైటులో ఉందని వాళ్ళకు తెలియదు, ఆమె చెప్పనూ లేదు. నొక్కింది. ఎనిమిది ఫోటోలు వరసగా వచ్చాయి. ఆమె ఆఖరి ఫోటో పెద్దది చేసి ఆయన చేతిలో పెట్టింది. తెల్లగుడ్డ మీద పాదం, బొటనవేలి కింద గులాబీరంగు మచ్చ, చుట్టూ పొడిగా, ఆరోగ్యంగా ఉన్న చర్మం. ఆమె గుండె కుదుటపడింది.

మామయ్య కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. వేళ్ళతో ఫోటోను సాగదీశాడు. పాదాన్ని పక్కకు తోసేసి, మూలకు జరిపి, ఇంకా సాగదీశాడు. ముఖం చిట్లించాడు.

"ఇదెవరి కాలే?" అన్నాడు.

"నీదే మామయ్యా. ఇంకెవరిదవుతుంది? నీ కార్డు నంబరు పైన ఉంది చూడు."

"నంబరు సంగతి నాకు తెలీదు. ఈ గుడ్డ నాది కాదు."

"తెల్లగుడ్డ తెల్లగుడ్డే కదా! వెలుతురుకి అలా కనిపిస్తుంది." ఆమెకు అప్పుడే విసుగు మొదలైంది. సైటు వాడేవాళ్ళ దగ్గర వచ్చే మామూలు విసుగు.

"వెలుతురుకి కుట్టు మారుతుందా?" మామయ్య గొంతు పెంచాడు. "ఈ అంచు చూడు. ఒక్క మడతే వేశాడు వెధవ. పీచు బయటికి వేలాడుతోంది. కుట్టు ఒకచోట బియ్యపుగింజంత, ఒకచోట చిటికెన వేలంత. తెల్లగుడ్డ మీద గోధుమరంగు దారం! మూల చూశావా, మడవకుండా మీద నుంచి తొక్కేసుకుంటూ పోయాడు. ఇలాంటి గుడ్డ నా ఇంట్లో ఉంటే దాని మీద నేను కాలు కూడా పెట్టను."

అత్తయ్య లోపలికి వెళ్ళి బీరువాలోంచి వాళ్ళ గుడ్డ తెచ్చి ఫోను పక్కన పరిచింది. అంచు రెండు మడతలు, కుట్టు ఉందా లేదా అన్నట్టు లోపలే దాగి ఉంది, మూలలు కాగితం మడిచినట్టు కోసుగా ఉన్నాయి. దానికీ దీనికీ పోలిక పెట్టడం కూడా ఆ గుడ్డకు అవమానమే.

ఆమె ఫోను లాక్కుని వెనక్కి జరుపుతూ చూసింది. ఏడో ఫోటోలో గోధుమరంగు దారం. ఆరో దానిలో, అయిదో దానిలో అదే. నాలుగు, మూడు, అదే. రెండో ఫోటోలోనూ మొదటిదానిలోనూ మాత్రమే మామయ్య గుడ్డ ఉంది, దాని మీద మామయ్య పాదం, నల్లటి అంచుతో ఉన్న పుండు. మిగిలిన ఆరూ ఎవరివో తెలియని కాలివి. డాక్టరమ్మ మూడు వారాలుగా ఆ కాలికి వైద్యం చేస్తోంది.

"కట్టు విప్పు అత్తయ్యా," అంది.

విప్పారు. నలుపు బొటనవేలు దాటి పాదం మధ్యదాకా పాకి ఉంది. పక్క రెండు వేళ్ళు కూడా రంగు మారిపోయాయి. ఆయనకు నొప్పి లేదు, అందుకే ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. వాళ్ళిద్దరి ముఖాలూ చూసి గ్రహించాడు.

ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆదివారమైనా డాక్టరమ్మ దొరికింది. కాలు చూసింది. తర్వాత ఫోను తీసి తను రాసిన జవాబులు చూసుకుంది. "నేను చూసింది ఈ కాలు కాదు," అంది, ఎవరితోనో గొడవపడుతున్నట్టు. "ఈ కాలు చూసుంటే మూడు వారాల కిందటే పిలిపించేదాన్ని. అప్పుడైతే ఒక్క వేలితో పోయేది. మిషను తొక్కారు కూడానా? పని చేయమని నేనే రాశానే!" అని కుర్చీలో కూలబడింది.

మర్నాడు పొద్దున్నే మామయ్య కుడిపాదం ముందు సగం తీసేశారు.

ఆమె అటు నుంచి అటే ఆఫీసుకు వెళ్ళింది. ఎవరి పీక పట్టుకోవాలో తెలిసినదానిలా నడిచింది. మేధావి కుర్చీ వెనక నిలబడి అతని హెడ్‌ఫోన్సు లాగేసింది.

"ఫోటోలు ఎక్కడ పెడుతున్నావో చూపించు."

చూపించాడు. ఫోటోలు దాచే చోట ఒక్కో తేదీకి ఒక్కో అర, అందులో ఒక్కో అవయవానికి ఒక్కో అర. ఫలానా సోమవారం, కుడికాలు. అంతవరకూ ముచ్చటగానే ఉంది. ఆ అరలోకి వచ్చిన ప్రతి ఫోటోనూ అది ఏ పేరుతో వచ్చిందో అదే పేరుతో ఉంచేస్తున్నాడు. చాలా ఫోన్లు ఫోటోకు తేదీ, సమయం కలిపి పేరు పెడతాయి. ఆమె అత్తయ్యకు ఇచ్చిన రకం ఫోను మాత్రం, సైటులోంచి తీసిన ప్రతి ఫోటోకూ ఒకే పేరు పెట్టి పంపుతుంది. అదే రకం ఫోను ఉన్న ఇంకొకాయన రెండో వారం నుంచి సైటులో చేరాడు. ఆయనదీ కుడికాలి బొటనవేలి కింది పుండే. మామయ్య ఫోటో ఏడింటికి వచ్చి కూర్చునేది. ఆయన ఫోటో తొమ్మిదింటికి వచ్చి, అదే పేరుతో, చప్పుడు చేయకుండా మామయ్య ఫోటోను చెరిపేసి ఆ చోట కూర్చునేది. పదకొండింటికి మామయ్య కార్డు తెరిచిన డాక్టరుకు కనిపించేది ఆ పెద్దమనిషి పాదం. రెండు కార్డులూ వేర్వేరు డాక్టర్ల వాటాలో పడడంతో, ఒకే పాదాన్ని ఇద్దరూ చూస్తున్నారన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఆ పెద్దమనిషి కాలు మాత్రం చక్కగా మానింది.

"ఇది నా తప్పు కాదు మేడం. అన్ని ఫోటోలకీ ఒకే పేరు పెట్టే ఫోను తప్పు. అలాంటి ఫోన్లు ఎవరు వాడమన్నారు?" అన్నాడు మేధావి. అంటూనే రెండు లైన్లు మార్చాడు. ఇకపై వచ్చిన ప్రతి ఫోటోకూ, దాని పేరేదైనా సరే, సైటే తనదైన ఒక కొత్త నంబరు ఇచ్చి దాస్తుంది. ఆ రెండు లైన్లు రాయడానికి అతనికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

మేనేజరు వచ్చాడు. ఫోటోలు తారుమారయ్యాయని ఆసుపత్రి నుంచి పొద్దున్నే అతనికి ఫోను వచ్చింది. "ఎంతమందికి ఇలా జరిగింది?" అన్నాడు.

"ఇద్దరి ఫోటోలు కలిశాయి సార్. మా మామయ్యకి పాదం తీసేశారు."

"అయ్యో. రెండో ఆయనకి?"

"ఏమీ కాలేదు."

"అంటే ఇద్దరిలో ఒకరికే," అన్నాడు మేనేజరు, కొంచెం తేలికపడి. ఆ మాట అన్న మనిషి ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆకలి వేసి అన్నం తిని ఉంటాడు. అదే విడ్డూరం.

ఆమె నోరు తెరిచింది. ఇన్నేళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ వరసలో నిలబడి ఉన్నాయి. బుద్ధి, చదువు, సిగ్గు, ఒక్కొక్కటీ ఎత్తి ఇద్దరి ముఖాన కొట్టింది. అంతా పని ఆపి వింటున్నారు. మేధావి చెవులు ఎర్రబడ్డాయి. మేనేజరు చాలాసేపు తలవంచుకుని విని, చివరికి వెంట తెచ్చిన ఒక కాగితాల కట్ట ముందుకు చాపాడు.

"నేను ఎవర్నీ అనడం లేదండీ," అన్నాడు మెత్తగా. "ఆసుపత్రి వాళ్ళు అడుగుతారు కదా, అందుకని పొద్దున్నే తీసి చూశాను. ఇది పరీక్షల పట్టిక. పదిహేడో వరస ఒకసారి చదవండి."

చదివింది. "ఇద్దరు రోగులు ఒకే పేరున్న ఫోటో పంపితే, ఎవరి ఫోటో వారి కార్డులోనే కనిపించాలి." పక్కన సరే అన్న గుర్తు. గుర్తు కింద సంతకం. సంతకం ఆమెదే.

ఆ పరీక్ష రాసింది ఎవరో మొద్దు కాదు, ఆమే. ఫోన్లు ఇలాంటి వేషాలు వేస్తాయని ముందే ఊహించి రాసింది. చేసింది కూడా. ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఒక రోగి పేరుతో లోపలికి వెళ్ళి పిల్లిని పెట్టింది. ఇంకో రోగి పేరుతో వెళ్ళి పిల్లిని పెట్టింది. మొదటి కార్డు తెరిచింది, పిల్లి. రెండో కార్డు తెరిచింది, పిల్లి. సరే అని గుర్తు పెట్టి పద్దెనిమిదో వరసకు పోయింది. రెండో పిల్లి వచ్చి మొదటి పిల్లిని మింగేసినా, రెండూ ఒకే పిల్లి కనక, బ్రహ్మదేవుడికైనా తెలియదు. కానీ ఆ పిల్లిని ఎంచుకున్నది బ్రహ్మదేవుడు కాదు.

ఆమె కాగితాలు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. మెట్ల మీద కూర్చుంది. సొంత ముఖం పంపిన రోగి, వేలు అడ్డం పెట్టిన రోగి, మందుల చీటీ పంపిన రోగి గుర్తొచ్చారు. వాళ్ళ మూర్ఖత్వం వల్ల ఎవరి కాలూ పోలేదు. అత్తయ్యను కళ్ళజోడు మార్చుకోమంది తనే. తన మీద తనకు కలిగినంత ఏవగింపు ఆమెకు అంతవరకూ ఎవరి మీదా కలగలేదు.

మూడో రోజు సాయంత్రం ఆసుపత్రి వార్డులో మామయ్య దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కాలి మీద దుప్పటి ఎత్తుగా, చివర పొట్టిగా ఉంది. అత్తయ్య పండు వలుస్తోంది. మేనకోడలు మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పింది. మేధావి సంగతి రెండు మాటల్లో ముగించి, పదిహేడో వరస గురించి వివరంగా చెప్పింది. ఏదీ దాచలేదు.

మామయ్య శ్రద్ధగా విన్నాడు. పని గురించి ఎవరు చెప్పినా ఆయన అలాగే వింటాడు.

"రెండు చోట్లా ఒకే బొమ్మ పెట్టావు."

"ఆఁ."

"వేరే బొమ్మ పెట్టుంటే తెలిసిపోయేదా?"

"వెంటనే తెలిసిపోయేది మామయ్యా."

"ఎంతసేపు పట్టేది?"

"రెండు నిమిషాలు."

ఆయన తల ఊపాడు. అత్తయ్య పండు వలవడం ఆపేసింది. మేనకోడలు కళ్ళు దించుకుని తిట్ల కోసం సిద్ధపడింది. ఆయన నోటికి వీధి వీధంతా జడుస్తుంది. చిన్నప్పుడు ఒక గుండీ వంకరగా కుట్టినందుకు మూడు రోజులు తిట్టాడు ఆమెను. కుట్టు విప్పించి, మళ్ళీ కుట్టించి, మళ్ళీ తిట్టి, నాలుగో రోజు ఆ చొక్కాను కొక్కేనికి తగిలించి పనివాళ్ళందరికీ చూపించాడు. ఈ రోజు ఆయన ఎంత తిడితే అంత మంచిదనుకుంది. చెడామడా తిట్టేస్తే కాళ్ళు పట్టుకుని ఏడవచ్చు.

"పోనీలేమ్మా," అన్నాడు మామయ్య. "మీ పనులు మాకేం తెలుస్తాయి. పొద్దుపోతోంది, బస్సు దొరకదు, వెళ్ళిరా."

ఆ గొంతు ఆమె ఎరిగిందే. కొట్టుకు వచ్చే బేరాలతో ఆయన అలాగే మాట్లాడేవాడు, అమ్మా అని, మర్యాదగా, నవ్వుముఖంతో. పొంతన లేని కొలతలు ఇచ్చి, నప్పని గుడ్డ తెచ్చి, చెప్పినా వినని వాళ్ళతో అలా మాట్లాడేవాడు. తిట్లు పని చేతనైనవాళ్ళకు, చేతనవుతారని ఆశ ఉన్నవాళ్ళకు మాత్రమే. ఇంతవరకూ ఆమెను ఆయన ఒక్కసారి కూడా అలా మర్యాదగా అమ్మా అనలేదు.

"మామయ్యా, తిట్టవా?" అంది. ఆమెకు ఏడుపు వచ్చేసింది.

"ఎందుకమ్మా," అన్నాడు ఆయన ఇంకా మర్యాదగా, అత్తయ్య అందించిన పండు తొన తీసుకుంటూ.

చూడవచ్చినవాళ్ళు బయటికి వెళ్ళాలని గంట కొట్టారు. అందరూ లేచి వెళ్ళిపోతున్నా ఆమె మంచం పక్కనే నిలబడి ఉంది. మామయ్య పండు తిని, చేయి తుడుచుకుని, కళ్ళు మూసుకున్నాడు.